సింధుదుర్గ సాగరతీరం

సహ్యాద్రి శ్రేణికి, అరేబియా సముద్రానికి నడుమ ఒదిగిన సన్నని నేల కొంకణం. మహారాష్ట్రలో దాని దక్షిణపు కొన సింధుదుర్గ జిల్లా. 1981లో రత్నగిరి నుండి వేరుచేసిన ఈ జిల్లా, మాల్వణ్ పట్టణానికి ఎదురుగా సముద్రంలో నిలిచిన కోట పేరునే తన పేరుగా గ్రహించింది.

జంజీరా సిద్దీలను, తీరంలో పాతుకొన్న విదేశీయులను ఎదుర్కొనడానికి నౌకాబలం తప్పదని గుర్తించిన శివాజీ, 1664లో కుర్టే అనే రాతి దీవిపై ఈ కోటకు శంకుస్థాపన చేయించాడు. పడవలో సమీపించేవారికి ముఖద్వారం వెంటనే కానరాదు. బురుజుల మెలికలో అది దాగి ఉంటుంది. లోపలి మూడు బావుల పేర్లు దూధ్, దహీ, సాఖర్: అనగా పాలు, పెరుగు, పంచదార. చుట్టూ ఉప్పునీరే అయినా ఈ బావుల నీరు తీయనిది. నేలలో ఇంకిన వర్షజలం తనకంటె బరువైన ఉప్పునీటిపై తేలి నిలవడం దీవులలో కనిపించే సహజధర్మమే. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చిన మరాఠా కోటలలో సింధుదుర్గం ఒకటి.

కోట పరిసరాల సముద్రగర్భంలో పగడపు దిబ్బలున్నాయి. వర్షాకాలం గడచి నీరు తేటపడిన తరువాత, ఊపిరిగొట్టం ధరించి వాటిని దర్శించడానికి యువకులు వస్తారు. సమీపంలోని తార్కర్లి తీరంలో శ్వాసపరికరాలతో లోతుకు దిగడం నేర్పుతారు. పగడం జీవి. అది పెరిగేది అతి మెల్లగా. పడవ లంగరు తగిలినా, ఈతగాడు కాలు మోపినా క్షణంలో విరిగిపోతుంది. 1987లోనే ఈ ప్రాంతాన్ని సాగర అభయారణ్యంగా ప్రకటించారు. అయితే వేటకు ఆంక్షలు వస్తాయన్న భయంతో మత్స్యకారులు దానిని వ్యతిరేకించారు. వారి భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు.

ఎందుకనగా ఇక్కడి సంప్రదాయమైన ‘రాపణ్’ వేట సమష్టి శ్రమ. పడవతో పెద్ద వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో పరచి, రెండు కొసలనూ రెండు వరుసల జనం ఒడ్డునుండి లాగుతారు. పడిన చేపలను వాటాలు వేసుకొంటారు. దూరాన యంత్రపు పడవలు పర్సు వలలతో గుంపులకు గుంపులు చుట్టివేయగా, ఒడ్డు వలకు మిగిలేది స్వల్పం. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం పర్సు వలలపై నిర్బంధాలు విధించినా వివాదం సమసిపోలేదు. వేట తగ్గిన కుటుంబాలు కొన్ని యాత్రికులకు గదులిచ్చి, పడవలు నడిపి జీవిస్తున్నాయి. కనుక పగడాలు చెడితే నష్టపోయేదీ వారే.

పంటలు ఇంటికి చేరిన తరువాత గ్రామదేవతల జాతరలలో ‘దశావతార్’ నాటకాలు రాత్రంతా సాగుతాయి. స్త్రీపాత్రలను కూడా పురుషులే ధరిస్తారు. వ్రాతప్రతి ఉండదు, కథ మాత్రం ముందుగా నిశ్చయించుకొని సంభాషణలను రంగంమీదనే అల్లుతారు. మన వీధినాటకం చూచినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. కుడాళ్ సమీపంలోని పింగుళి గ్రామంలో ఠాకర్ జాతివారు చిత్రపటాలు చూపుతూ రామాయణ భారత కథలు గానం చేస్తారు. తోలుబొమ్మలు కూడ ఆడిస్తారు. ఆ కుటుంబాలకు చెందిన పరశురాం గంగావణెకు 2021లో పద్మశ్రీ లభించింది. ఆయన తన ఇంటి పశువులకొట్టాన్నే చిత్రాలకూ బొమ్మలకూ ప్రదర్శనశాలగా మార్చాడు.