చలనచిత్రములలో మన సీమ

చలనచిత్రము వినోదమునకు మాత్రమే యని కొందఱు తలంతురు. కాని తామెన్నడును చూడని దేశమును గూర్చి జనులు తెరమీదనే తెలిసికొందురు, చూచినదానిని నమ్ముదురు. ఒక ప్రాంతమునకు తెరపై నేర్పడిన రూపము ఆ ప్రాంతపు బిడ్డలు ఎచ్చటికి పోయినను వారిని వెంబడించును.

మెక్సికో దేశమునకు ఈ యనుభవము మనకంటె ముందే కలిగెను. అమెరికా మూకీ చిత్రములలో మెక్సికో దేశస్థుడు తఱచుగా బందిపోటుగనో, వంచకుడుగనో కనబడెడివాడు. ఆ జాతిని కించపఱచు తిట్టుమాటనే కొన్ని చిత్రములకు పేరుగా నుంచిరి. 1922వ సంవత్సరమున మెక్సికో ప్రభుత్వము అట్టి చిత్రములు తీయు సంస్థలను తన దేశమున నిషేధించెను.

మన రాయలసీమ సంగతియు నిట్టిదే. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మొదలగు చిత్రములు మిక్కిలి జనాదరణము పొందెను. ఆ పిమ్మట సీమ యనగా వేటకొడవలి, నాటుబాంబు, తొడగొట్టుట, దుమ్ము రేపుచు పరుగెత్తు సుమోలు అని చూపరుల మనస్సున నాటుకొనెను. సీమలో కక్షలు లేవని చెప్పుట అసత్యము. వానివలన పెక్కు సంసారములు కూలిపోయినవి. కాని కొన్ని కుటుంబముల పగను సీమ యంతటికిని స్వభావముగా చూపుట న్యాయము కాదు. చదువులకై పరస్థలములకు పోయిన మన బాలురను తోడివారు బాంబులను గూర్చి యడుగుటయు, వారు సిగ్గుపడి తమ యాసను దాచుకొనుటయు ఇందలి ఫలమే.

యాస విషయము విశేషముగా గమనింపదగినది. నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ నున్న శిరివెళ్లలో జన్మించిన జయప్రకాష్ రెడ్డిగారు (1946–2020) ఉపాధ్యాయులై, పిదప నటులైరి. పై మొదటి రెండు చిత్రములలో ప్రతినాయకులుగా నటించి, మన పలుకుబడిని ఉన్నదున్నట్లు పలికి ఖ్యాతి గాంచిరి. వారి నేర్పు శ్లాఘనీయము. కాని పిదప వచ్చిన చిత్రములలో ఆ పలుకుబడి తఱచుగా ప్రతినాయకునికే దక్కెను. సీమలో పుట్టినట్లు చూపబడిన కథానాయకుడు కోస్తా భాషనే మాటలాడుచుండెను. మంచివాని నోట మన మాట వినబడకుండుటయే అసలు లోపము. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' కక్షను మాన్పుటయే కథావస్తువుగా గొని, కథానాయకునిచేతను సీమ యాసను పలికించెను. ఇది సంతోషింపదగిన మార్పు.

తెర కెక్కవలసినవి మనకు ఎన్నియో కలవు. కర్నూలు–కడప కాలువ క్రింద నల్లరేగడి నేలలలో పండు వరిచేలు, రాతికి ప్రాణము పోయు ఆళ్లగడ్డ శిల్పులు, అహోబిలస్వామి పల్లెపల్లెకు వచ్చు పార్వేట యుత్సవము – ఇవియు సీమయే. 1866 నాటి కఱవులో వేలాది జనులకు అన్నము పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డియు సీమవాడే.

విద్యార్థులారా! ఒకప్పుడు మన ప్రాంతమును పరులు 'దత్తమండలము' అనిరి. అనగా ఒకరు మఱియొకరికి ఇచ్చివేసిన భూమి. 1928వ సంవత్సరమున నంద్యాలలో జరిగిన మహాసభయందు చిలుకూరి నారాయణరావుగారి సూచనపై మన పెద్దలు ఆ పేరును త్రోసివైచి 'రాయలసీమ' యను పేరును స్వీకరించిరి. పేరును మార్చుకొనిన యూరివారు రూపమును దిద్దుకొనలేరా? చూచిన చిత్రమును ప్రశ్నింపుడు. మీ యూరి కథలను మీ యూరి మాటలలో వ్రాయుడు. పాఠశాల వార్షికోత్సవ నాటకమునందే ఆ పని ఆరంభింపవచ్చును.