దోనె తేలుతుంది, మేకు మునుగుతుంది – ఎందుకు?

కొల్లేటి లంకల్లో తాటి దోనె తెలియనివారు ఉండరు. తాటి మాను తొలిచి చేసే ఆ దోనె మనుషుల్ని, వలల్ని, చేపల బుట్టల్ని మోస్తుంది. అదే నీటిలో చిన్న ఇనుప మేకు వేస్తే క్షణంలో అడుగుకు చేరుతుంది. కారణం అడిగితే "బరువైనది మునుగుతుంది, తేలికైనది తేలుతుంది" అంటారు పిల్లలు. మరి మేకు కన్నా దోనె ఎన్నో రెట్లు బరువు కదా!

బరువు ఒక్కటే చూస్తే చాలదు. ఆ బరువు ఎంత చోటులో ఉందో కూడా చూడాలి. దీనినే సాంద్రత అంటాం. ఒక ఘన సెంటీమీటరు మంచినీరు 1 గ్రాము తూగితే, అంతే ఇనుము సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. నీటిలో దిగిన వస్తువు కొంత నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీటి బరువెంతో, అంత బలంతో నీరు దానిని పైకి నెడుతుంది. మేకు తన బరువుకు సరిపడా నీటిని నెట్టలేదు. దోనెలో బోలు ఉంది కనుక నెట్టగలదు. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. తరువాతి కాలంలో అల్ బిరూనీ లోహాల, రత్నాల సాంద్రతలను నీటి సాయంతో కొలిచాడు. 1121లో అల్ ఖాజినీ త్రాసు మీద రాసిన గ్రంథంలో, నీటిలో తూచి లోహంలో కల్తీని కనిపెట్టే పద్ధతిని వివరించాడు.

తాడేపల్లిగూడెం వైపు వరి పొలాలున్న ఇళ్ల పిల్లలకు ఇదే సంగతి విత్తనాలతో చెప్పవచ్చు. నీటిలో ఉప్పు కలిపితే సాంద్రత పెరుగుతుంది. అందులో తాలు గింజలు తేలుతాయి, గట్టి గింజలు అడుగుకు దిగుతాయి. వాటిని మంచినీటితో కడిగి విత్తనానికి వాడతారు.

ఇక ప్రాణాలకు సంబంధించిన లెక్క. అడుగు చదునుగా, పెట్టెలా ఉన్న పడవ 4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు ఉందనుకుందాం. అది ఒక సెంటీమీటరు దిగితే 40 లీటర్ల నీటిని, అంటే 40 కిలోలను నెడుతుంది. 60 కిలోల మనిషి ఎక్కితే ఒకటిన్నర సెంటీమీటరు దిగుతుంది. పదిమందికి 15 సెంటీమీటర్లు. ఖాళీ పడవ అంచు నీటికి 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ఇప్పుడు మిగిలింది అయిదే. ఒకరు లేచి నిలబడినా, అందరూ ఒక పక్కకు జరిగినా, చిన్న అల తగిలినా నీరు లోపలికి వస్తుంది. వచ్చిన నీరు బోలును నింపుతుంది, బరువును పెంచుతుంది. బుడమేరు, తమ్మిలేరు వరదలతో కొల్లేరు నిండినప్పుడు "ఇంకొక్కరే కదా" అనే మాట ఎంత ప్రమాదమో ఈ లెక్క చెబుతుంది.

ఈ పాఠానికి ప్రయోగశాల అక్కరలేదు. నీళ్ల తొట్టె, స్టీలు గిన్నె, గుప్పెడు గోలీలు చాలు. గిన్నెను తేల్చి ఒక్కొక్క గోలీ వేస్తూ, ఎన్నో గోలీకి మునిగిందో పిల్లలను రాసుకోమంటాం. తర్వాత గోలీలన్నీ ఒకే పక్కకు చేర్చి వేయమంటాం. ఈసారి గిన్నె ముందే ఒరిగిపోతుంది. నిర్వచనం బట్టీపట్టినవాడు పరీక్ష కాగానే మరిచిపోవచ్చు, చేత్తో చేసి చూసినవాడు పడవ ఎక్కేటప్పుడు అంచు వైపు చూస్తాడు.

దాతలు పిల్లలకు పుస్తకాలు, ఫీజులు ఇస్తున్నారు. వాటితోపాటు మీకు దగ్గరలోని బడికి ఒక తొట్టె, ఒక త్రాసు, ఒక కొలజాడీ కూడా ఇవ్వండని ఉపాధ్యాయులుగా కోరుతున్నాం. ఏలూరులోనైనా, లంక గ్రామంలోనైనా అవి ఏటా కొత్త తరగతికి పనికి వస్తాయి.