పక్క తడుపు బిడ్డయు, పక్షవాతపు తాతయు

మూత్రాశయమును గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను మన యిండ్లలో నోరు విప్పి చెప్పుకొనలేని బాధలలో ఇది యొకటి. ఎనిమిదేండ్ల పిల్లవాడు రాత్రి పక్క తడుపును. తల్లి తెల్లవారక మునుపే లేచి, బొంతను పెరటిలో ఉతికి ఆరవేయును. అదే యింట పక్షవాతము వచ్చిన తాత బట్టలు తడుపుకొనును. ఆ బట్టలను కూడ ఆమెయే ఎవరి కంటను బడకుండ ఉతుకును. పిల్లవానికి దెబ్బలు, తాతకు మూలనున్న మంచము లభించును.

ఈ రెండు బాధలకును సంబంధమేమి యని అడుగుదురు కాబోలు. రెండింటను చెడినది మూత్రాశయము కాక, దానిని ఏలు మెదడు కావచ్చును. అదియుగాక, రెండును కాలము గడచిన కొలది కొంతవరకు తమంతట తామే కుదురుకొనును. ఈ రెండవ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. తనంతట కుదురుకొను వ్యాధికి ఏ మందు వేసినను అది పనిచేసినట్లే కనబడును. నిజముగా పనిచేసినదేదో తెలిసికొనుటకు వైద్య పరిశోధకులు ఏ ఉపాయము పన్నిరో ఈ వ్యాసమున చూతము.

చింతామణి, బాగేపల్లి ప్రాంతములలో పుట్టి పెరిగిన వారికి చెరువును గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాలువల నీరు వచ్చి చెరువు నిండును. తూము మూసియున్నంత వరకు నీరు నిలుచును. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో చూచుకొనువాడు నీరుగంటి. మన శరీరమున మూత్రపిండములనుండి రెండు సన్నని నాళములు కాలువలవలె మూత్రమును తెచ్చుచుండును. మూత్రాశయము చెరువు. దాని అడుగున బిగిసియుండు కండరము తూము. చంటిబిడ్డకు ఇంకను నీరుగంటి కుదురలేదు. చెరువు కొంచెము నిండగానే తూము తెరచుకొనును. కనుకనే దాదాపు గంటకొకసారి గుడ్డలు తడియును.

1925లో ఫ్రెడరిక్ బారింగ్టన్ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులపై పరిశోధనలు చేసి, మెదడు కాండమునందు మూత్రవిసర్జనకు ఉత్తరువిచ్చు చిన్న స్థానమొకటి కలదని చూపెను. ఆ స్థానముపై అధికారము చేయునది నుదుటి వెనుకనున్న మెదడు భాగము. తరగతిలో కూర్చున్న విద్యార్థి ‘ఇప్పుడు కాదు, గంట కొట్టిన పిదప’ అని ఓర్చుకొనుట దాని పనియే. బిడ్డ పెరిగిన కొలది ఈ అధికారము మొదట పగటివేళను, పిదప నిద్రలోను స్థిరపడును. చెరువు కూడ పెద్దదగును. పిల్లవాని వయస్సునకు ఒకటి కూడి 30చే గుణించినచో మూత్రాశయమున పట్టు మూత్రము సుమారుగా మిల్లీలీటర్లలో వచ్చును. 7 ఏండ్ల వానికి 240 అన్నమాట. ఈ సూత్రము పన్నెండేండ్ల లోపువారికే చెల్లును. పెద్దలకు 400 మొదలు 500 వరకు పట్టును.

5 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు 15 మంది, 10 ఏండ్లవారిలో సుమారు 5 మంది, 15 ఏండ్లవారిలో ఒకరో ఇద్దరో రాత్రి పక్క తడుపుచుందురు. కనుక ఉన్నత పాఠశాలలో రెండు మూడు తరగతులకు ఒకరైన ఇట్టివారు ఉండుట సంభవమే. వారు బంధువుల యింట రాత్రి నిలువరు. విహారయాత్రకు పేరు ఇయ్యరు. హాస్టలులో చోటు దొరికినను ఏదో సాకు చెప్పి చేరరు. ఆ సాకు వెనుకనున్న కారణము ఉపాధ్యాయునికి తెలియదు. ఒక్కొక్కసారి తండ్రికి కూడ తెలియదు.

ఇది సోమరితనము వలన వచ్చునది కాదు. రాత్రివేళ మూత్రము తక్కువగా ఊరుటకు మన మెదడు వాసోప్రెసిన్ అను రసమును ఎక్కువగా విడుచును. పక్క తడుపు పిల్లలు కొందరిలో రాత్రి ఈ రసము పెరుగుట లేదని 1980 తరువాతి దశకమున డెన్మార్కు దేశపు ఆర్హూస్ నగర వైద్యులు కనుగొనిరి. మరికొందరికి చెరువు చిన్నది. చాలమందికి చెరువు నిండినదను కబురు నిద్రలోనున్న నీరుగంటికి చేరదు. ఇది వంశమున కూడ వచ్చును. తల్లిదండ్రులలో ఎవరికిని చిన్ననాట ఈ బాధ లేనిచో బిడ్డలలో నూటికి 15 మందికి, ఒకరికి ఉన్నచో 44 మందికి, ఇద్దరికిని ఉన్నచో 77 మందికి వచ్చునని లెక్కలు చెప్పుచున్నవి. కొడుకుపై కర్ర ఎత్తు తండ్రి మొదట తన తల్లియొద్దకు పోయి తన చిన్ననాటి సంగతి అడిగి వచ్చుట మంచిది.

ఇక మందుల మాట. తాయెత్తు కట్టించువారు కలరు. మొక్కు మ్రొక్కువారు కలరు. ఆకు పసరు త్రాగించువారు కలరు. ‘మా పిల్లవానికి దీనితోనే కుదిరినది’ అని ప్రమాణము చేయు తల్లి అబద్ధమాడుట లేదు. అయితే 1974లో బెల్ఫాస్టు నగర వైద్యులు పక్క తడుపు పిల్లలను 1129 మందిని గూర్చి ఒక పరిశోధన ప్రకటించిరి. ఏ చికిత్సయు లేకయే ఏటేట నూటికి సుమారు 15 మందికి ఆ బాధ తీరిపోవుచున్నదని దానివలన తేలినది. విద్యార్థులు లెక్క వేసి చూడుడు. నూరుగురికి తాయెత్తు కట్టితిమనుకొందము. ఏడాదిలో 15 మందికి కుదురును. ఆ 15 మంది తల్లులు ఊరంతయు చెప్పుదురు. తక్కిన 85 మంది తల్లులు ఊరకుందురు. తాయెత్తు పేరు నిలిచిపోవును.

దీనికి పరిశోధకులు పన్నిన ఉపాయము తెలిసికొన్న పిదప సులభముగా తోచును. రోగులను రెండు జట్లుగా చేయవలెను. ఎవరు ఏ జట్టున చేరవలెనో వైద్యుడు ఎంచరాదు, తల్లి ఎంచరాదు, చీట్లు వేసి తేల్చవలెను. ఒక జట్టునకు క్రొత్త చికిత్స, రెండవ జట్టునకు మామూలు చికిత్సయో, మందువలె కనబడు ఉత్తి మాత్రయో ఇయ్యవలెను. కాలము రెండు జట్లను సమానముగానే బాగుచేయును. అంతకు మించి మొదటి జట్టున కనబడు మేలు మాత్రమే మందు చేసినది.

ఈ పరీక్షకు నిలిచినవానిలో మొదటిది గంట. దీని పుట్టుక వింతయైనది. 1904లో ఫౌండ్లర్ అను శిశువైద్యుడు ఆసుపత్రిలో పిల్లల పక్క తడిసినంతనే దాదులకు తెలియుటకై తడి తగిలిన మ్రోగు గంట నొకదానిని అమర్చెను. గుడ్డలు మార్చుటకు పెట్టిన ఆ గంట వలన పిల్లలు పక్క తడుపుటయే మానుచున్నట్లు కనబడెను. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దానిని చికిత్సగా తీర్చిదిద్దిరి. తరువాత జరిగిన పరీక్షలన్నిటిని కూర్చి చూడగా, గంట వాడినంతకాలము మూడింట రెండు వంతుల పిల్లల పక్క పొడిగా నుండుననియు, ఆపిన పిదప కూడ దాదాపు సగము మందికి ఆ మేలు నిలుచుననియు తేలినది. రెండు మూడు నెలలు ఓపిక పట్టవలెను. మొదట గంటకు ఇల్లంతయు లేచును, పిల్లవాడు ఒక్కడే లేవడు! అతనిని లేపి నడిపించుట పెద్దల పని.

డెస్మోప్రెసిన్ అను మాత్ర రాత్రి మూత్రమును తగ్గించును. ఆపినచో బాధ తరచుగా మరల వచ్చును. హాస్టలు, పెండ్లి, యాత్ర మొదలగు సందర్భములకు ఇది పనికివచ్చును. అయితే వైద్యుడు చెప్పినపుడే వాడవలెను. అది మ్రింగిన రాత్రి నీరు ఎక్కువగా త్రాగుట ప్రమాదకరము. మలబద్ధకము సంగతి మనవారు బొత్తిగా తలపరు. నిండిన ప్రేగు మూత్రాశయమును ఒత్తును. 1997లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 234 మంది మలబద్ధకపు పిల్లలను చూడగా వారిలో నూటికి 34 మంది రాత్రి పక్క తడుపువారు. మలబద్ధకము తీరిన పిదప అట్టివారిలో నూటికి 63 మందికి ఆ బాధయు తీరినది.

మరియొక మాట. ఏ పాఠశాలలోనైన శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచో బాలికలు ప్రొద్దుననుండి నీరు త్రాగరు, సాయంకాలము వరకు బిగపట్టుదురు. మలబద్ధకమునకును, మూత్రమున మంటకును ఇది దారి. దీనికి మందు ఆసుపత్రిలో లేదు.

పగలు కూడ బట్టలు తడిసినను, మంట గాని జ్వరము గాని ఉన్నను, ఆరు నెలలకు పైగా బాగుండి మరల మొదలైనను, అతిదాహము తోడైనను, కాళ్లు బలహీనపడినను వైద్యునికి వెంటనే చూపవలెను. తక్కిన పిల్లలకు ఐదేండ్లలోపు ఓర్పు చాలును.

ఇక తాత విషయము. పక్షవాతమును కన్నడమున పార్శ్వవాయువనియు, లక్వ యనియు అందురు. మెదడునకు నెత్తురు తీసికొనిపోవు నాళమున గడ్డ అడ్డుపడుట వలన గాని, నాళము చిట్లుట వలన గాని ఇది వచ్చును. గడ్డ అడ్డుపడి చికిత్స లేనిచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని అంచనా.

ఇక్కడ కూడ కాలము తన పని తాను చేయును. 1995లో అమెరికాలో గడ్డను కరగించు సూదిమందును గూర్చి ఒక పరిశోధన ప్రకటింపబడెను. దాని రెండవ భాగమున 333 మంది రోగులు ఉండిరి. వ్యాధి వచ్చిన 3 గంటలలోపుననే మందిచ్చిరి. మూడు నెలల పిదప మందు పొందినవారిలో నూటికి 39 మంది దాదాపు పూర్తిగా కోలుకొనిరి. ఉత్తి ద్రవము పొందినవారిలో 26 మంది కోలుకొనిరి. ఈ 26 అను అంకెను మరువరాదు. వారు పావురపు నెత్తురు రాచుకొనియుండినచో ఆ కీర్తి పావురమునకు పోయెడిది. 39కిని 26కును నడుమ నున్న 13 మాత్రమే మందు చేసిన మేలు. నూరుగురిలో పదముగ్గురు మనుష్యులు మరల తమ కాళ్లపై నిలిచిరనగా అది చిన్న సంగతి కాదు. అయితే ఆ మందు వలన నూటికి ఆరుగురికి మెదడులో నెత్తురు స్రవించినది. కనుకనే ముందుగా స్కానింగు చేయక దానిని ఈయరు. 2008 నాటి పరిశోధన తరువాత గడువు 4½ గంటల వరకు పెరిగినది. 2015 నుండి పెద్ద నాళములలోని గడ్డను సన్నని గొట్టము పంపి లాగివేయు పద్ధతియు స్థిరపడినది.

తరువాతి కోలుకొనుట నెలల పని. కోపెన్‌హాగెన్ నగరమున 1197 మంది రోగులను కనిపెట్టి చూచి 1995లో వెల్లడించిన ఫలితము ప్రకారము, నూటికి 95 మంది తాము పొందగల శక్తిని దాదాపు 13 వారములలో పొందిరి. 2006లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో 222 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టువారికి మంచి చేతిని రెండు వారములు తొడుగులో బంధించి, చచ్చుబడిన చేతిచేతనే పనులు చేయించిరి. ఆ చేయి మామూలు చికిత్స పొందినవారి చేతికంటె బాగుపడినది.

మన దేశమున జరిగిన పరీక్ష యొకటి అన్నిటికంటె ఆలోచింపదగినది. 2014 మొదలు 2016 వరకు 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులను చేర్చుకొని, ఒక జట్టువారి బంధువులకు ఇంటివద్ద వ్యాయామము చేయించుట నేర్పిరి. ఫిజియోథెరపీ దొరకని పల్లెలకు ఇది వరమగునని అనేకులు ఆశించిరి. ఆరు నెలల పిదప లెక్కింపగా, మరణించినవారును పరాధీనులైనవారును రెండు జట్లలోను నూటికి 47 మందియే. 2017లో ఆ ఫలితమును దాచక ప్రకటించిరి. వ్యాయామము వృథా యని దీని అర్థము కాదు. మామూలు చికిత్స రెండు జట్లకును అందినది. దానికి తోడుగా బంధువులకు నేర్పిన పాఠము అదనపు మేలు చేయలేదని మాత్రమే తేలినది. తాయెత్తును పరీక్షించిన త్రాసులోనే తమ సొంత ఆలోచనను కూడ వేసి చూచుకొన్న ఆ వైద్యులు మాకు పూజ్యులు.

పక్షవాతముతో ఆసుపత్రికి వచ్చినవారిలో నూటికి 40 మొదలు 60 మందికి మూత్రముపై పట్టు తప్పును. ఇంటికి పోవునాటికి అట్టివారు 25 మంది, ఏడాదికి 15 మంది మిగులుదురు. నీరుగంటి దెబ్బతిన్నాడు, కొందరిలో మెల్లగా తేరుకొనుచున్నాడు. రెండు గంటలకొకసారి అడిగి లేవదీసికొనిపోవుట సాధారణముగా చెప్పు పద్ధతి. దీనిపై ఇంతవరకు జరిగిన పరీక్షలు చిన్నవి. తాతకు నీరు ఈయకుండుట మాత్రము తప్పు. మూత్రము చిక్కబడి మంట పుట్టును.

చిక్కబళ్లాపుర జిల్లా వారికి ఒక సౌకర్యము కలదు. కర్ణాటక ప్రభుత్వమును, బెంగళూరు నిమ్హాన్స్ సంస్థయు 2022లో మెదడు ఆరోగ్య పథకమును ఆరంభించి, మొదట ఎంచుకొన్న ప్రాంతములలో కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాలను చేర్చిరి. పక్షవాతము, మూర్ఛ మొదలగు వ్యాధులను గుర్తించుటలో స్థానిక వైద్యులకు శిక్షణ ఇచ్చుట దానిలోని పని. అయినను మొదటి పరీక్ష ఇంటిలోని వారే చేయవలెను. తాతను నవ్వుమనుడు, మూతి వంకర పోయెనా? రెండు చేతులు చాచుమనుడు, ఒకటి వ్రాలెనా? ఊరి పేరు చెప్పుమనుడు, మాట తడబడెనా? వీనిలో ఏ యొక్కటి కనబడినను 108కి ఫోను చేయవలెను. కైవారమునుండి బెంగళూరు సుమారు 70 కిలోమీటర్లు. 4½ గంటలలో ఆ దారియు, స్కానింగును కూడ జరుగవలెను. పెద్దలు పొలమునకు పోయినపుడు ఇంట నుండునది విద్యార్థియే. తాత చివరిసారి బాగుగా ఎప్పుడుండెనో ఆ గంటను నోటు పుస్తకమున వ్రాసి వెంట పంపవలెను. ఆసుపత్రిలో వైద్యుడు మొదట అడుగు ప్రశ్నలలో అది యొకటి.

తమ్ముని విషయమున కూడ నోటు పుస్తకమే పని చేయును. రెండు వారములు ఏ రాత్రి పక్క పొడిగా నున్నది, ఏ రాత్రి తడిసినది, రెండు మూడు దినములు పగలు ఎన్నిసార్లు పోయినాడు, కొలత చెంబులో ఎంత వచ్చినది, విరేచనము ఎన్ని దినములకొకసారి అగుచున్నది అని గీతలు గీసి వ్రాసికొని పోయినచో, వైద్యుడు ఆ పుటను చూచి చెరువు చిన్నదో, నీరు ఎక్కువో, నీరుగంటి నిద్రపోవుచున్నాడో చాలవరకు తెలిసికొనగలడు.