పసిబిడ్డ నిద్రకు వేళ కుదర్చడం ఎలా?

ముందు బిడ్డ వయసు చూసుకోండి. నాలుగు నెలలు నిండని బిడ్డకు గడియారం పనికిరాదు. ఆ వయసులో పగలేదో రాత్రేదో ఒంటికి ఇంకా సరిగ్గా తెలియదు. ఆకలేస్తే లేస్తారు, పొట్ట నిండితే పడుకుంటారు. అలాగే సాగనివ్వాలి. ఆరు నెలలు దాటి, అన్నప్రాశన కూడా అయ్యాక వేళలు కుదర్చడం మొదలుపెడితే బిడ్డకూ తల్లికీ తేలిక. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డయితే, కాన్పు కావలసిన తేదీ నుంచి వయసు లెక్కేసుకోండి. టీకా వేయించిన రోజుల్లో, జలుబూ జ్వరం ఉన్నప్పుడు, ఊరి ప్రయాణాల ముందు ఈ పని పెట్టుకోవద్దు.

మొదట రాసుకోండి. ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, బిడ్డ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు ఎంతసేపు పడుకుందో కాగితం మీద పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం 4 నుంచి 11 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. మీ బిడ్డ నిద్ర ఆ మధ్యలో ఎక్కడున్నా ఫరవాలేదు. పక్కింటి బిడ్డతో పోల్చి బెంగపడకండి.

తర్వాత ఉదయం లేపే వేళ ఖాయం చేయండి. చాలామంది రాత్రి నిద్రపుచ్చడంతో మొదలుపెట్టి, వారం తిరగకుండానే విసిగిపోతారు. నిజానికి పట్టు దొరికేది ఉదయం దగ్గరే. ఏడు గంటలనుకుంటే, రాత్రి ఎలా గడిచినా ఏడింటికే కాస్త అటూ ఇటూగా లేపండి. కిటికీ తెరలు తీసి, బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకో బాల్కనీలోకో వెళ్ళండి. ఆ వెలుతురే ఒంటికి పగలు మొదలైందని చెబుతుంది. రాత్రి ఇల్లంతా ట్యూబులైట్లు వెలుగుతూ ఉంటే నిద్ర రప్పించే మెలటోనిన్ తగ్గిపోతుంది. అందుకే పడుకునే ముందు గంటసేపు బెడ్ లైటు చాలు.

ఇక పగటి కునుకులు. ఏడో నెల బిడ్డ ఒక నిద్రకూ ఇంకో నిద్రకూ మధ్య సుమారు రెండు నుంచి మూడు గంటలు మెలకువగా ఉండగలదు. ఈ పట్టిక చూడండి: ఉదయం 7కి లేవడం, 9.15 నుంచి 10.30 వరకు మొదటి కునుకు, 1.15 నుంచి 2.45 వరకు రెండోది, సాయంత్రం 5 నుంచి 5.30 వరకు చిన్న కునుకు, రాత్రి 8.15కి పడక. మొత్తం 14 గంటలు. ఇది నమూనా మాత్రమే, మీరు రాసుకున్న కాగితాన్ని బట్టి మార్చుకోండి.

మన ఇళ్ళలో ఇందుకు ఒక మంచి వీలుంది. నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్ళు పోశాక బిడ్డకు పట్టే నిద్ర గాఢమైనది. నీళ్ళు పోసే వేళ రోజూ ఒకటే అయితే మొదటి కునుకు దానంతటదే కుదురుతుంది. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, ఆ లేత ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదు.

పట్టికతో పాటు బిడ్డ ముఖం కూడా చూస్తూ ఉండండి. బొమ్మ ఊపుతున్నా చూపు పక్కకు తిప్పుకుంటుంది, చెవి లాక్కుంటుంది, కనుబొమల దగ్గర ఎర్రబడుతుంది. పడుకోబెట్టాల్సింది అప్పుడే. ఆ అదను దాటితే వెన్ను విల్లులా వంచి ఏడుస్తుంది, ఇక నిద్రపుచ్చడం కష్టం.

వేళను పావుగంట చొప్పున జరపండి. ఇప్పుడు రాత్రి పదింటికి పడుకునే బిడ్డను రేపే ఎనిమిదింటికి పడుకోబెట్టలేరు. 9.45కి జరిపి రెండు మూడు రోజులు ఆగండి, తర్వాత 9.30. ఈ లెక్కన మూడు వారాల దాకా పట్టవచ్చు.

రాత్రి వరస మార్చకండి. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, పాలు, ఒక జోలపాట, పడక. ఇంతే, రోజూ ఇదే క్రమం. కళ్ళు మూతలు పడుతుండగానే, పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద వేయండి. నడిరేయి లేచినా మళ్ళీ తనంతట తాను నిద్రపోవడం అలాగే అలవాటవుతుంది. ఏడ్చి ఏడ్చి పడుకోనివ్వమని సలహా ఇస్తారు కొందరు. నాకది ఇష్టం లేదు, ఆ అవసరమూ లేదు. ఆకలితో లేస్తే వేళ చూడకుండా పాలివ్వండి. ఈ వయసులో రాత్రి ఒకటి రెండుసార్లు పాలు అడగడం మామూలే.

పక్క విషయంలో మాత్రం సర్దుబాటు వద్దు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ బొంతా బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా తీసేయండి. చీర ఉయ్యాలలో నిద్రపట్టాక బిడ్డను చదునైన పక్క మీదికి మార్చండి. ఉయ్యాల బట్ట గుంటలా దిగినప్పుడు తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం కావచ్చు. బిడ్డ రోజూ గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టున్నా, బరువు పెరగకపోయినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటేనే ఇదంతా నిలుస్తుంది. నాయనమ్మ ఆ పట్టికను తనకొచ్చిన ఆజ్ఞ అనుకోకూడదు, ఆమెను కూర్చోబెట్టుకునే తయారు చేయండి. తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చే నాన్నలకు ఒక మనవి: బిడ్డ మీద ఎంత బెంగ ఉన్నా లేపి ఆడించకండి. పొద్దున ఏడింటికి లేపి, వెలుతురులోకి ఎత్తుకెళ్ళే పని మీరు తీసుకోండి. ఆ గంట మీకు బిడ్డ దొరుకుతుంది, రాత్రి లేచి లేచి అలసిన తల్లికి కాస్త నిద్ర దొరుకుతుంది.