ఫిత్నా ముద్ర వేసే ముందు...

మసీదు కమిటీ సమావేశంలో ఒకరు చందా లెక్కలు అడుగుతారు. మరొకరు నెలవంక విషయంలో పదేపదే ప్రశ్నిస్తారు. అంతలో ఎవరో అంటారు: “ఇతను తెలుసుకోవడానికి అడగటం లేదు, గొడవ పెట్టడానికే అడుగుతున్నాడు.” ఆ ఒక్క మాటతో ప్రశ్న మరుగున పడుతుంది, అడిగినవాడు దోషిగా నిలబడతాడు. ఈనాడు ఫోన్లలో దీనికి ‘ట్రోలింగ్’ అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గాని జబ్బు పాతదే. కావాలని కలతలు రేపేవారూ ఉన్నారు, అమాయకులపై ఆ ముద్ర వేసేవారూ ఉన్నారు. మరి ఇస్లాం చూపే మార్గమేమిటి?

ముందు అడగాలి

హిజ్రీ 8వ సంవత్సరం. మక్కాపైకి వెళ్లేందుకు రహస్యంగా సన్నాహాలు జరుగుతున్నాయి. హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఅ (రజి) ఆ సంగతి ఖురైషులకు తెలుపుతూ ఉత్తరం పంపారు. ఉత్తరం దారిలోనే దొరికిపోయింది. సాక్ష్యం చేతిలో ఉన్నా దైవప్రవక్త (స) ముందుగా ఆయన్నే పిలిచి కారణం అడిగారు. మక్కాలో ఉన్న తన వారిని కాపాడే బంధువులు లేరని, వారి రక్షణ కోసమే ఈ పని చేశానని, ధర్మాన్ని విడిచి కాదని హాతిబ్ (రజి) విన్నవించుకున్నారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని కపటిగా భావించి శిక్షించడానికి అనుమతి కోరారు. దైవప్రవక్త (స) మాత్రం హాతిబ్ నిజమే చెప్పారన్నారు, ఆయన బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారని గుర్తుచేశారు. అలాగని ఆ పని ఒప్పయిపోలేదు. దాన్ని తప్పుపడుతూ ముమ్తహినా సూరా తొలి ఆయతులు అవతరించాయి. పని ఖండించబడింది, మనిషి మాత్రం సమాజంలోనే ఉన్నాడు.

మనసుల తనిఖీ మన పని కాదు

యమన్ నుంచి హజ్రత్ అలీ (రజి) పంపిన బంగారాన్ని దైవప్రవక్త (స) నలుగురికి పంచారు. ఒకడు లేచి, అల్లాహ్‌కు భయపడమని ఆయన్నే ఎత్తిపొడిచాడు. హజ్రత్ ఖాలిద్ (రజి) అతన్ని చంపడానికి అనుమతి అడిగితే, అతను నమాజు చేసేవాడేమోనని దైవప్రవక్త (స) వారించారు. నోట ఒకటి, మనసులో ఒకటి ఉన్న నమాజీలు ఎందరో ఉన్నారని ఖాలిద్ (రజి) అన్నారు. ప్రజల హృదయాలను తెరిచి చూడాలన్న ఆజ్ఞ తనకు లేదని దైవప్రవక్త (స) బదులిచ్చారు. ఆ ధోరణి వల్ల ముందుముందు రాబోయే కీడు గురించి మాత్రం హెచ్చరించారు. వహీ అందుకునే ప్రవక్తకే లేని అధికారం మనకెక్కడిది?

మన జిల్లా చూసిన పాఠం

2022 మే 24 కాట్రేనికోన వాసులకు గుర్తుండే ఉంటుంది. జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో మొదలైన నిరసన హింసగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. జిల్లాలో ఇంటర్నెట్ నిలిపివేశారు. రెచ్చగొట్టింది మీరంటే మీరని పార్టీలు పరస్పరం నిందించుకున్నాయి. రెచ్చగొట్టడం ఎంత ప్రమాదమో, రుజువు లేకుండా ఆ నింద మోపడమూ అంతే ప్రమాదం. రెండూ మనుషుల మధ్య నమ్మకాన్ని కాల్చేస్తాయి.

ఏం చేయాలి?

1. ఏ మాట, ఎప్పుడు, ఎవరి ముందు అన్నాడో ఫిర్యాదు చేసినవారే చూపాలి. వచ్చిన వార్తను నిర్ధారించుకోమని హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తోంది.

2. అతన్ని ఏకాంతంగా పిలిచి అడగాలి. అతని వెనుక చర్చించుకోవడం పరోక్షనింద అవుతుంది. అదే సూరా 12వ ఆయతు దురనుమానాన్ని, గూఢచర్యాన్ని, పరోక్షనిందను కలిపి నిషేధించింది.

3. అడిగిన తీరు కటువుగా ఉన్నా ప్రశ్న న్యాయమైనదైతే జవాబివ్వాలి. లెక్కలు అడిగినవారికి లెక్కలే సమాధానం.

4. దూషణ, అబద్ధం, పదేపదే రెచ్చగొట్టడం రుజువైతే ఆ పని పేరు చెప్పి ఆపాలి. వినకపోతే కొంతకాలం మాట్లాడే అవకాశం ఇవ్వకూడదు. అతని ఈమాన్‌పై తీర్పు మాత్రం చెప్పకూడదు.

5. నింద అబద్ధమని తేలితే నలుగురిలో వేసిన నిందను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి.

సోదర సోదరీమణులారా! నాలుక జారి వేసిన ముద్ర వల్ల ఒక మనిషి మసీదు గడప తొక్కడం మానేస్తే, ఆ లెక్క రేపు మనమే చెప్పుకోవాలి. అల్లాహ్ మన నాలుకలను అపనింద నుండి, మన హృదయాలను దురనుమానం నుండి కాపాడుగాక! ఆమీన్.