ఒకే ముల్లు, మూడు కొలతలు

రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణంలో మెకానిక్ చేతికి అందేంత దూరంలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానికొక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ, గుండ్రంగా తిప్పే స్విచ్చి ఉంటాయి. అదే మల్టీమీటరు. ఇప్పుడు అంకెలు చూపే డిజిటల్ మీటర్లే ఎక్కువ. కాని లోపలి సంగతి తెలుసుకోవాలంటే ముల్లు ఉన్న మీటరే మంచిది.

ఆంపియర్లకు, వోల్టులకు, ఓంలకు వేరువేరు పరికరాలు మోసుకు తిరగలేక బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ ఈ మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. 1923లో అది 'ఏవోమీటరు' అనే పేరుతో అమ్మకానికి వచ్చింది.

విచిత్రమేమంటే, లోపలి ముల్లుకు వోల్టులూ తెలియవు, ఓంలూ తెలియవు. అయస్కాంత ధ్రువాల మధ్య సన్నని తీగచుట్ట ఒకటి వేలాడుతుంది. అందులో విద్యుత్తు ప్రవహిస్తే అది తిరుగుతుంది, దానితో ముల్లూ కదులుతుంది. వెనక్కి లాగడానికి వెంట్రుకంత స్ప్రింగు ఉంటుంది. ఒక మీటరులో 50 మైక్రో ఆంపియర్లకే ముల్లు చివరిదాకా పోతుందనుకుందాం. తీగచుట్ట నిరోధం 2,000 ఓంలు అనుకుందాం. మిగిలిన పనంతా నిరోధకాలదే.

10 వోల్టులు కొలవాలి. అప్పుడు 50 మైక్రో ఆంపియర్లకు మించి ప్రవహించకూడదు. ఓం నియమం ప్రకారం మొత్తం నిరోధం 2,00,000 ఓంలు కావాలి. తీగచుట్టలో 2,000 ఉన్నాయి కనుక, 1,98,000 ఓంల నిరోధకాన్ని శ్రేణిలో కలిపితే చాలు.

ప్రవాహాన్ని కొలవడానికి దీనికి తలకిందులు. 500 మిల్లీ ఆంపియర్లు ఆ సన్నని తీగలోంచి పోతే అది మాడిపోతుంది. అందుకని పక్కన సమాంతరంగా 0.2 ఓం నిరోధకం పెడతారు. దీన్ని షంట్ అంటారు. కాలువ నీరంతా తూములోంచి పోతుంటే పక్క బోదెలోకి కాస్త మళ్ళినట్టు, తీగచుట్టలోకి రవ్వంతే వస్తుంది. ఇక్కడే ప్రమాదమూ ఉంది. స్విచ్చి ఈ స్థానంలో ఉండగా తీగలను 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఏమవుతుందో లెక్కవేయండి: 230ని 0.2తో భాగిస్తే 1,150 ఆంపియర్లు! అంత ప్రవాహం వచ్చేలోపే ఫ్యూజు పోవాలి. సరైన ఫ్యూజు లేకపోతే మీటరు పేలిపోయి చేతులు కాలవచ్చు. ఇంటి కరెంటు జోలికి మీరు పోవద్దు. బ్యాటరీతోనే ప్రయోగాలు చేయండి.

ఇక నిరోధం. వోల్టులకు, ఆంపియర్లకు విద్యుత్తు బయటినుంచి వస్తుంది. నిరోధకం తనంతట తాను విద్యుత్తు ఇవ్వదు కదా! అందుకే మీటరు లోపల 1.5 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి శ్రేణిలో మొత్తం 30,000 ఓంలు ఉంటే, రెండు తీగల కొనలూ తాకించగానే సరిగ్గా 50 మైక్రో ఆంపియర్లు పోయి ముల్లు కుడివైపు చివరికి చేరుతుంది. అక్కడే సున్నా ఓంలు! మధ్యలో 30,000 ఓంల నిరోధకం పెడితే ప్రవాహం సగమై ముల్లు నడిమికి వస్తుంది. 60,000 పెడితే మూడోవంతుకు దిగుతుంది. అందువల్లే ఓంల స్కేలు కుడినుంచి ఎడమకు నడుస్తుంది, ఎడమకు పోయేకొద్దీ గీతలు ఇరుకవుతాయి. బ్యాటరీ పాతబడితే సున్నా తప్పుతుంది. దాన్ని సరిచేయడానికే పక్కన చిన్న మర ఉంటుంది. ప్రతిసారీ కొనలు తాకించి సున్నా చూసుకోనివారి కొలతను నేనైతే నమ్మను.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. 9 వోల్టుల బ్యాటరీకి లక్ష ఓంల నిరోధకాలు రెండింటిని శ్రేణిలో కలపండి. ఒక్కోదాని మీద 4.5 వోల్టులు ఉండాలి. మన మీటరును 10 వోల్టుల స్థానంలో పెట్టి ఒకదాని మీద కొలిస్తే 3.6 మాత్రమే చూపిస్తుంది. మీటరు చెడిపోలేదు. దానిలోని 2,00,000 ఓంలు ఆ లక్షకు సమాంతరంగా చేరాయి. ఆ జంట నిరోధం సుమారు 66,700 ఓంలకు తగ్గింది, వోల్టుల పంపకం మారిపోయింది. ముల్లు చూపింది మీటరు వచ్చి చేరాక ఉన్న స్థితిని. సాధారణ డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓంలుంటుంది కనుక, అదే చోట అది దాదాపు 4.48 చూపుతుంది.