నిర్మల్‌ను నిర్మా చెయ్యకండి

వెబ్ కోడ్ రాసే తమ్ముళ్లు, చెల్లెండ్లకు ఫారంలో వచ్చిన పేర్ల అంచులు కత్తిరించే పని రోజూ ఉంటది. ఇంగ్లిష్ పేర్లతో నడిచినంత సులువుగ తెలుగుతో నడవదు.

1. ఏ ట్రిమ్ ఏం తీస్తదో ముందు చూసుకోండి. వేరే పేజీలోంచి కాపీ చేసిన పేరు చివర నో-బ్రేక్ స్పేస్ అంటుకొని వస్తది. జావాస్క్రిప్ట్ ట్రిమ్ దాన్ని తీస్తది, పీహెచ్‌పీ ట్రిమ్ తియ్యదు. బ్రౌజర్ ఒప్పుకున్న 'జగిత్యాల' డేటాబేస్‌లో దొరకలేదంటే మొదటి అనుమానం దీని మీదే.

2. పైథాన్ ఆర్‌స్ట్రిప్‌కు మీరు ఇచ్చేది తోక కాదు, అక్షరాల జాబితా. ఇంగ్లిష్‌లో ఉన్న 'నిర్మల్.హెచ్‌టీఎమ్‌ఎల్' ఫైలు పేరులోంచి '.హెచ్‌టీఎమ్‌ఎల్' తియ్యమంటే నిర్మల్ చివరి 'ఎల్' కూడ ఊడిపోతది. మిగిలేది నిర్మా. కొయ్యబొమ్మల ఊరు బట్టల పౌడరైతది! పైథాన్ 3.9 నుంచి రిమూవ్‌సఫిక్స్ ఉన్నది, అది వాడండి.

3. పీహెచ్‌పీలో ఇదే జబ్బు ఇంకా ముదిరి ఉంటది. అక్కడ ట్రిమ్ చూసేది అక్షరాన్ని కాదు, బైట్‌ను. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. “ఆర్టీసీ” అన్న మాటకు రెండు దిక్కుల ఉన్న వంపు కోట్లు తియ్యమంటే, కోట్‌లో ఉన్న 80 అనే బైటే ఆఖరి దీర్ఘంలోనూ ఉన్నది కాబట్టి అదీ పోతది. 'సీ' విరిగి, తెర మీద ప్రశ్నార్థకం డబ్బా కనబడతది. 2024 నవంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 8.4లో ఎంబీ_ట్రిమ్ పెట్టిన్రు. పాత సర్వర్లయితే యూ జెండా పెట్టిన రెజెక్స్‌తో చెయ్యాలె.

4. కంటికి కనబడనిదల్లా చెత్త కాదు. కాగజ్‌నగర్‌లో 'జ్'కూ 'న'కూ మధ్య వెడల్పు లేని నాన్-జాయినర్ ఉంటది, దాని నంబరు 200సీ. 200బీ నుంచి 200డీ దాకా అన్నీ ఊడ్చే రెజెక్స్ ఒకటి చేతులు మారుతూ తిరుగుతున్నది. అది తగిలితే 'కాగజ్నగర్' అయి, న కిందికి దిగి వత్తయితది. వెతకడానికి నాన్-జాయినర్ లేని నకలు వేరే కాలమ్‌లో పెట్టుకోండి, అసలు పేరు ముట్టకండి.

5. 'అక్షరం కానిది తీసెయ్' అనే రెజెక్స్ రాస్తే గుణింతం, సున్న, పొల్లు మూడూ పోతయి. యూనికోడ్ లెక్కల అవి అక్షరాలు కావు, గుర్తులు. కరీంనగర్ 'కరనగర' అయితది.

6. పాస్‌వర్డ్‌ను కత్తిరించకండి.

7. లోపలి ఖాళీలు ట్రిమ్ పని కాదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలైనప్పుడు మన తెలంగాణల రాజన్న సిరిసిల్ల అసొంటి రెండు మాటల పేర్లు వచ్చినయి. నడుమ రెండు ఖాళీలుంటే ఒకటి చెయ్యండి, మొత్తం తీసెయ్యకండి.

కోడ్ సర్వర్‌కు ఎక్కించే ముందు కాగజ్‌నగర్, కరీంనగర్, కోట్లతో సహా “ఆర్టీసీ” అందులోంచి పంపి, వచ్చినదాన్ని ఒక్కసారి చదవండి.